ఉత్పత్తిలో మొదటిది, వసతిలో చివరిది: షాంఘై ప్రజల జీవన ప్రమాణాలు

సభకు నమస్కారం.

నగరాభివృద్ధి గురించి మాట్లాడే వక్తలు సాధారణంగా భవనాల ఎత్తుతో మొదలుపెడతారు. షాంఘై విషయంలో ఆ ఆకర్షణ మరీ ఎక్కువ. 632 మీటర్ల షాంఘై టవరు బొమ్మ ఒక్కటి తెరమీద వేస్తే సగం ఉపన్యాసం అయిపోయినట్టే. నేను ఆ దారిన వెళ్లదలచుకోలేదు. ఒక నగరంలో సాధారణ మనిషి ఎంత చోటులో నిద్రపోతున్నాడు, ఎక్కడ వండుకు తింటున్నాడు, కాలకృత్యాలకు ఎక్కడికి వెళ్తున్నాడు, పని పోయినా ముసలితనం మీదపడినా అతణ్ణి ఆదుకునే ఏర్పాటు ఏమైనా ఉందా అన్న ప్రశ్నలకు దొరికే జవాబులే ఆ నగరపు జీవన ప్రమాణమని నా నమ్మకం. ఈ ప్రశ్నలు పట్టుకుని షాంఘై గడిచిన నలభై అయిదేళ్ల చరిత్రను చదివితే, నగరం సంపాదించడం, నగరవాసులు బాగుపడటం ఒకటి కావనీ, మొదటిది రెండోదాన్ని దానంతటదే తీసుకురాదనీ స్పష్టంగా కనిపిస్తుంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

1980 అక్టోబరు 3న షాంఘైలోని పార్టీ పత్రిక జియెఫాంగ్ దినపత్రిక మొదటి పేజీలో ఒక వ్యాసం అచ్చయింది. పది విషయాల్లో మన నగరం దేశంలోనే ప్రథమం, అయిదు విషయాల్లో కడపటిది, ఇది దేన్ని సూచిస్తున్నది అని ఆ వ్యాసం సూటిగా అడిగింది. పారిశ్రామిక ఉత్పత్తి విలువలో, ఎగుమతుల్లో, కార్మికుడి ఉత్పాదకతలో, ప్రభుత్వ ఖజానాకు జమచేసే మొత్తంలో షాంఘైని మించిన నగరం లేదు. ఇళ్ల కొరతలో, జనం కిక్కిరిసి ఉండటంలో, కాలుష్యంలో, రోడ్డు ప్రమాదాల్లో కూడా దాన్ని మించిన పెద్ద నగరం లేదు. మనిషికి సగటున దక్కిన నివాసస్థలం గుడిసెలను, అటకలను కలుపుకున్నా 4.3 చదరపు మీటర్లు. మనిషికి 4 చదరపు మీటర్లయినా లేని కుటుంబాలు మొత్తంలో దాదాపు 60 శాతం. ఒక మంచం, దాని పక్కన ఒక బల్ల వేస్తే 4 చదరపు మీటర్లు నిండిపోతాయి. అధికార పత్రిక తన నగరం గురించి ఇంత నిక్కచ్చిగా రాయడం ఆనాటికి పెద్ద సాహసం. ఆ వ్యాసం మీద చాలాకాలం చర్చ నడిచింది.

ఈ పరిస్థితికి కారణం నగరానికి డబ్బు లేకపోవడం కాదు. ఆ రోజుల్లో చైనా మొత్తం ప్రభుత్వ ఆదాయంలో సుమారు ఆరో వంతు ఈ ఒక్క నగరం నుంచే వచ్చేది. వచ్చినదానిలో అత్యధిక భాగం బీజింగ్‌కు చేరి, అక్కడినుంచి దేశం నలుమూలలా కొత్త కర్మాగారాలకు, వెనుకబడిన రాష్ట్రాలకు వెళ్లేది. దేశ నిర్మాణంలో దాని పాత్రను నేను తక్కువ చేయడం లేదు. అయితే నగరం చేతిలో మిగిలిన కొద్దిపాటి సొమ్ము కూడా మొదట ఉత్పత్తికి, మిగిలితే నివాసాలకు అన్న సూత్రం మీదనే ఖర్చయ్యేది. 1950ల మొదట్లో కార్మికుల కోసం కట్టిన త్సావ్‌యాంగ్ కొత్త కాలనీలో తొలివిడతగా వెయ్యి పైచిలుకు కుటుంబాలకు ఇళ్లు ఇచ్చినప్పుడు ఎర్రపూల దండలతో ఊరేగింపులు చేశారు. ఆ కాలనీ నిజంగా మంచిదే. లక్షల కుటుంబాల అవసరం ముందు అలాంటి కాలనీలు ఏ మూలకూ చాలలేదు.

మిగిలినవాళ్లు ఎలా బతికారో చూద్దాం. షాంఘై పాత ఇళ్లను షికూమెన్ అంటారు. రాతి ద్వారబంధం, నల్లటి జంట తలుపులు, చిన్న ముంగిలి, రెండు మూడు అంతస్తులతో వరుసగా కట్టిన ఇళ్లవి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇల్లుగా కట్టినవి, యుద్ధకాలంలో శరణార్థులు వచ్చిపడటంతోనూ, ఆ తర్వాత నగరం పెరుగుతున్నా కొత్త ఇళ్లు పెరగకపోవడంతోనూ, గదికో కుటుంబంగా విడిపోయాయి. ముందరి హాలు ఒకరిది, మేడమీది గది ఇంకొకరిది. మెట్ల మలుపు దగ్గర, వంటగది నెత్తిన, ఉత్తరం వైపుకు తెరుచుకునే ఇరుకు గదిని తింగ్జిజ్యెన్ అంటారు. వేసవిలో ఉడికిపోయే, చలికాలంలో గడ్డకట్టే ఆ గదిలో భార్యాభర్తలు, పిల్లలు, వాళ్లతోపాటు ఒక ముసలమ్మ ఉన్న కుటుంబాలు కోకొల్లలు. పిల్లలు పెద్దవాళ్లయితే చెక్కలు అడ్డంగా కొట్టి అటక కట్టి, నిచ్చెన వేసి పైకి పంపేవారు.

కింద వంటగది అందరిదీ. అయిదారు కుటుంబాలు ఒకే గదిలో ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకునేవారు. గుండ్రంగా అచ్చుపోసి నడుమ చిల్లులు పెట్టిన బొగ్గు దిమ్మలు ఆ పొయ్యిల్లో కాలేవి, పొద్దున్నే వాటిని రాజేసేటప్పుడు సందంతా పొగ కమ్మేది. ఆ వంటగది కప్పు చూస్తే వేలాడుతున్న విద్యుత్ బల్బులు అయిదో ఆరో కనిపించేవి. ఒక గదికి ఒక బల్బు చాలుననేది మనకు తోచే లెక్క. ఒక్కో బల్బు ఒక్కో కుటుంబానిది. దాని స్విచ్ ఆ కుటుంబపు గదిలో ఉంటుంది, దాని కరెంటు ఆ కుటుంబపు మీటరులో నమోదవుతుంది. వంటకు దిగేముందు మనిషి తన గదిలో స్విచ్ వేసి, కిందికి వచ్చి తన బల్బు వెలుతురులో కూరగాయలు తరుగుకునేది. కుళాయి గొట్టం మీద పెట్టెలు బిగించి తాళాలు వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఇరుగుపొరుగు చెడ్డవాళ్లయి ఇలా చేశారని నేననుకోను. మనుషులను అంత ఇరుకులో కుక్కితే, తగాదా లేకుండా పదేళ్లు కలిసి బతకడానికి వాళ్లు కనిపెట్టుకున్న ఏర్పాటు అది.

ఇక మరుగుదొడ్డి. లక్షల ఇళ్లలో అది లేదు. మూత ఉన్న కొయ్య తొట్టి ఒకటి గదిలోనే ఒక మూల, తెర చాటున ఉండేది. దాన్ని మాతొంగ్ అంటారు. తెల్లవారుజామున బండి వచ్చిన చప్పుడుకో, సందు చివరి మలగుంట తలుపు తెరిచే వేళకో ఆడవాళ్లు తొట్టి చేతపట్టుకుని వెళ్లి ఖాళీచేసి, వెదురు పుల్లల కట్టతో, గుప్పెడు ఆల్చిప్పలు వేసి గరగర తోమేవారు. పాత షాంఘై గురించి రాసిన వాళ్లందరికీ ఆ తోముడు చప్పుడు గుర్తుంటుంది. దాన్ని తీపి జ్ఞాపకంగా చెప్పుకునేవాళ్లు చాలావరకు ఆ తొట్టి మొయ్యనివాళ్లేనని నా అభిప్రాయం. వానలో, మంచులో, గర్భంతో ఉన్నప్పుడు, మోకాళ్ల నొప్పులతో ఉన్నప్పుడు, జీవితకాలమంతా రోజూ ఆ పని చేసినవాళ్లు ఆడవాళ్లే. జీవన ప్రమాణాల పట్టికల్లో ఈ శ్రమకు గడి ఉండదు.

1970ల చివర్లో హువాంగ్పు నది ఒడ్డున, బండ్ అనే ప్రాంతంలో, వరద గోడ పొడవునా సాయంత్రాలు ప్రేమజంటలు భుజం భుజం రాసుకుంటూ వరుసగా నిలబడేవి. ఒక జంటకూ ఇంకో జంటకూ నడుమ జానెడు ఎడం కూడా ఉండేది కాదు. దానికి ప్రేమికుల గోడ అని పేరొచ్చింది. పాఠకులు దీన్ని శృంగార విశేషంగా చదువుతారు గానీ ఇది ఇళ్ల కొరతకు సంబంధించిన సాక్ష్యం. ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడానికి ఇంట్లో చోటు లేదు, కూర్చోవడానికి తోటలు లేవు. పెళ్లి నిశ్చయమైనా గది దొరికేదాకా ఏళ్లు ఎదురుచూడటం మామూలే.

వస్తువుల సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. చేతి గడియారం, సైకిలు, కుట్టు మిషను, రేడియో అనే నాలుగూ ఉంటే సంసారం నిలదొక్కుకున్నట్టు లెక్క. ఇవన్నీ షాంఘైలో తయారయ్యేవి. ఫీనిక్స్ సైకిలు కోసం, షాంఘై గడియారం కోసం దేశమంతా పడిగాపులు పడేది. వాటిని తయారుచేసే కార్మికుడికి కూడా కొనుక్కోవడానికి కూపను కావాలి. నెలకు 36 యువాన్ల జీతం మీద ఏళ్ల తరబడి నిలిచిపోయిన యువకార్మికుడికి 120 యువాన్ల గడియారం అంటే మూడు నెలల జీతం మించిన మాట. ధాన్యానికీ కూపన్లే. ఇతర చోట్ల అరుదుగా కనిపించే అతి చిన్న కూపను, 25 గ్రాములది, షాంఘైలో చెలామణిలో ఉండేది. పొద్దుటిపూట ఒక నూనెలో వేయించిన పిండి కడ్డీ కొనాలంటే డబ్బుతోపాటు అది ఇవ్వాలి. ధాన్యం కూపన్లు 1993లో పోయాయి.

1987, 1988 సంవత్సరాల్లో రెండు విషాదాలు వెంటవెంటనే సంభవించాయి. 1987 డిసెంబరులో దట్టమైన పొగమంచు వల్ల హువాంగ్పు నది మీద పడవలు గంటల తరబడి ఆగిపోయి, తిరిగి మొదలవగానే తూర్పు ఒడ్డున లుజియాజుయ్ రేవులో తొక్కిసలాట జరిగి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. నగర మధ్యభాగంలో నదిమీద అప్పటికి ఒక్క వంతెన కూడా లేదు. తూర్పు ఒడ్డున, అంటే పుదోంగ్‌లో, ఉండేవాళ్లు పనికి రావాలంటే ప్రధానంగా పడవే గతి. పుదోంగ్‌లో ఒక గది కంటే పడమటి ఒడ్డున ఉన్న పుషీలో ఒక మంచం మేలు అని అప్పటి జనం ఊరికే అనలేదు. మరుసటి నెలల్లో, 1988 తొలినాళ్లలో, కలుషిత జలాల్లో పెరిగిన ఆల్చిప్పల మాంసం సరిగా ఉడకకుండా తినడం వల్ల హెపటైటిస్ ఎ ప్రబలి సుమారు 3 లక్షల మందికి సోకింది. ఆసుపత్రులు చాలక బడులను, కర్మాగారాల గిడ్డంగులను ఆరోగ్య శిబిరాలుగా మార్చారు. రోగానికి మూలం ఆల్చిప్పలే అయినా, మురుగు నేరుగా నీటిలో కలిసే నగరం, ఒకే వంటగదిలో అయిదారు కుటుంబాలు వండుకునే నగరం అలాంటి రోగానికి అన్ని తలుపులూ తెరిచి ఉంచినట్టేనని అందరికీ అర్థమైంది.

మలుపు ఇక్కడినుంచి మొదలైంది. 1988లో హోంగ్‌చావ్ ప్రాంతంలో 26వ నంబరు స్థలాన్ని అంతర్జాతీయ టెండరు ద్వారా ఒక జపాన్ సంస్థకు యాభై ఏళ్ల వాడకం హక్కుతో 2 కోట్ల 80 లక్షల డాలర్లకు ఇచ్చారు. అప్పటిదాకా భూమికి ధర లేదు. కర్మాగారానికో కార్యాలయానికో ఉచితంగా కేటాయించడమే. భూమి ద్వారా నగరం తన చేతిలో ఉండే డబ్బు సంపాదించగలదని ఆ ఒక్క ఒప్పందం చూపించింది. కేంద్రంతో ఆదాయ పంపకం కూడా దాదాపు ఆ కాలంలోనే నగరానికి అనుకూలంగా మారింది. జూ రోంగ్‌జీ 1988లో మేయరయ్యారు. 1990 ఏప్రిల్‌లో పుదోంగ్ అభివృద్ధి ప్రకటన వెలువడింది. 1991 డిసెంబరులో నాన్‌పు వంతెన తెరుచుకుంది. 1993లో మెట్రో మొదటి భాగం నడిచింది. ఇవి తెలిసినవే కనుక వాటిమీద ఎక్కువసేపు ఆగను.

నేను ఆగదలచినది 1991లో జరిగిన, ఫొటోలకు అందని ఒక మార్పు దగ్గర. సింగపూర్ భవిష్య నిధిని పరిశీలించి షాంఘై ఆ సంవత్సరం గృహ పొదుపు నిధిని చైనాలో మొదటిసారిగా ప్రవేశపెట్టింది. మొదట్లో ఉద్యోగి జీతంలో 5 శాతం, యజమాని మరో 5 శాతం ఉద్యోగి పేర జమ చేసేవారు. ఆ సొమ్ము ప్రధానంగా ఇల్లు కొనడానికో కట్టుకోవడానికో ఉద్దేశించినది. దీనితోపాటు కొన్నేళ్లలోనే, ప్రభుత్వ గృహాల్లో అద్దెకున్నవాళ్లకు ఆ ఇళ్లనే మార్కెట్ ధరతో పోల్చరానంత తక్కువకు అమ్మడం మొదలైంది. 1998లో ఇళ్ల ఉచిత కేటాయింపును దేశమంతటా నిలిపివేశారు. ఒక తరం కార్మికులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు ఇలా చడీచప్పుడు లేకుండా ఇంటి యజమానులయ్యారు. షాంఘై మధ్యతరగతి సంపదకు పునాది జీతాల పెంపు కంటే ఈ బదిలీయేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ క్షణాన ఎవరి పేరు అద్దె పుస్తకంలో ఉందో వాళ్ల మనవల స్థితి కూడా దానిమీదే ఆధారపడింది.

1990ల్లో 36 లక్షల 50 వేల చదరపు మీటర్ల శిథిల గృహాలను, గుడిసెలను ఆ దశాబ్దం ముగిసేలోగా కూల్చి కట్టాలని నగరం లక్ష్యం పెట్టుకుంది. లక్షలాది కుటుంబాలు పాత సందుల నుంచి నగరపు అంచులకు తరలాయి. సొంత వంటగది, సొంత మరుగుదొడ్డి, ఎండ పడే బాల్కనీ మొదటిసారి దక్కిన ఆనందం ఎంత నిజమో, నలభై ఏళ్ల ఇరుగుపొరుగు చెదిరిపోవడం, పనికి రెండు బస్సులు మారవలసి రావడం, పెద్దాసుపత్రి దూరమవడం అంతే నిజం. తొలి సంవత్సరాల్లో నివాసుల మాట వినే పద్ధతి సరిగా లేదు. పరిహారం విషయంలో తీవ్రమైన వివాదాలు వచ్చాయి, కోర్టులకెక్కినవాళ్లున్నారు, బలవంతపు ఖాళీలు జరిగాయి. తర్వాతి కాలంలో రెండు విడతల సంప్రదింపు పద్ధతి వచ్చింది. మీ సందును తీసివేసి కొత్తగా కట్టడానికి ఒప్పుకుంటారా అని మొదట అడుగుతారు. అత్యధికులు ఒప్పుకుంటేనే పరిహారం లెక్కలు బయటపెట్టి సంతకాలు తీసుకుంటారు. నిర్దేశిత శాతం సంతకాలు రాకపోతే పథకం ఆగిపోతుంది. ఎవరికి ఎంత వచ్చిందో సందులో అందరూ చూసేలా తెరమీద ప్రదర్శించడం వల్ల, మొండికేసినవాడికి ఎక్కువ ముట్టిందన్న అనుమానం చాలావరకు తగ్గింది. ఇది మొదటినుంచీ ఉండవలసిన పద్ధతి అన్నదే నా ఫిర్యాదు. బృందాలుగా మిగిలిన పాత సందుల పని 2022 జులైలో పూర్తయింది. విడివిడిగా మిగిలిన ఇళ్లలో మాతొంగ్‌లను తొలగించే పని 2023 వరకు సాగింది. 632 మీటర్ల టవరు పూర్తయిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా అదే నగరంలో మనుషులు తొట్టి మోసుకుని వీధి చివరకు వెళ్తూనే ఉన్నారు.

ఈ మెరుగుదలకు మూల్యం చెల్లించినవాళ్ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. షాంఘై వస్త్ర పరిశ్రమలో ఒకప్పుడు సుమారు 5 లక్షల 50 వేల మంది పనిచేసేవారు, వారిలో స్త్రీలే ఎక్కువ. 1990ల్లో ఆ మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. దేశవ్యాప్తంగా కోటి పాత కదుళ్లను తీసివేయాలన్న కార్యక్రమంలో మొదటి సుత్తి దెబ్బ 1998 జనవరిలో షాంఘైలోనే పడింది. పని పోయినవాళ్లలో అధికులు ఏ తరంవాళ్లో గమనించండి. పదహారు పదిహేడేళ్ల వయసులో చదువు ఆపించి పల్లెలకు, సరిహద్దు ప్రాంతాలకు పంపిన పది లక్షల పైచిలుకు షాంఘై యువతీయువకుల తరం అది. వాళ్లు 1970ల చివర్లో తిరిగివచ్చి తింగ్జిజ్యెన్‌లలో సంసారాలు మొదలుపెట్టి, నలభై దాటేసరికి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1995లో షాంఘై ఎయిర్‌లైన్స్ మిల్లు కార్మికుల నుంచి 18 మంది వివాహిత స్త్రీలను విమాన పరిచారికలుగా తీసుకున్నప్పుడు ఆ వార్త దేశమంతా మారుమోగింది. ఆ స్త్రీల పట్ల నాకు గౌరవమే గానీ, పద్దెనిమిది మంది కథ లక్షలమంది కథను కప్పేయకూడదు. ఎక్కువమంది ఇళ్లల్లో పనికి, దుకాణాల్లో కాపలాకు, వీధుల్లో బండి మీద అమ్మకాలకు దిగారు.

అయితే ఇక్కడ షాంఘై చేసిన పని ఒకటి మెచ్చుకోవాలి. 1993 జూన్‌లో, కనీస జీవన భద్రతా భత్యాన్ని చైనాలో మొట్టమొదట ఈ నగరమే ప్రవేశపెట్టింది. తలసరి ఆదాయం నెలకు 120 యువాన్ల కంటే తగ్గితే ఆ లోటును నగరం భర్తీచేస్తుంది. 2023 నాటికి ఆ రేఖ 1,510 యువాన్లు. 1996లో వస్త్ర పరిశ్రమకు, పరికరాల పరిశ్రమకు పునరుపాధి కేంద్రాలు తెరిచి, పని పోయినవాళ్లకు కొంతకాలం జీవనభృతి, వైద్య, పింఛను చందాలు అక్కడినుంచే చెల్లించారు. నలభై దాటిన స్త్రీలు, యాభై దాటిన పురుషుల కోసం 2001లో ప్రత్యేకంగా ఉపాధి పథకం పెట్టారు. ఇవి చాలాయా అంటే చాలలేదు. లేకపోతే ఏమయ్యేదో అదే కాలంలో ఈశాన్య చైనాలో మూతపడిన ఉక్కు, యంత్ర పరిశ్రమల పట్టణాలను చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు కొన్ని అంకెలు. 1978లో షాంఘై ప్రజల సగటు ఆయుర్దాయం 73.35 ఏళ్లు, 2021లో 84.11 ఏళ్లు. 1980లో పట్టణ కుటుంబం తన ఖర్చులో 56 శాతం తిండికే పెట్టేది. ఈనాడు అది నాలుగో వంతు దరిదాపుల్లో ఉంది. 2023లో తలసరి వ్యయార్హ ఆదాయం 84,834 యువాన్లు. 1980ల నాటి ఆరేడు వందల యువాన్లతో దీన్ని నేరుగా పోల్చి నూరు రెట్లు పెరిగిందనడం సరికాదు, ధరలు మారాయి. అప్పట్లో అద్దె, వైద్యం, పిల్లల సంరక్షణ దాదాపు ఉచితంగా మనిషి పనిచేసే సంస్థే చూసుకునేది. అందుకే ఆదాయం కంటే తిండి ఖర్చు వాటాను, ఆయుర్దాయాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. నివాసస్థలం విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. 1980 నాటి 4.3 చదరపు మీటర్లు గది నేల కొలత. ఈనాడు చెప్పే 37 చదరపు మీటర్లు గోడలు, వంటగది, మెట్లవాటా కలిపిన నిర్మాణ కొలత. రెండింటినీ ఒకే కొలతకు తెచ్చినా నాలుగు రెట్ల పైన పెరుగుదల ఉంటుంది. అతిశయోక్తి అవసరం లేనంత గొప్ప పెరుగుదలే అది.

నీరు, పచ్చదనం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. నగరం నడుమనుంచి పారే సుజౌ వాగు దశాబ్దాల తరబడి నల్లగా, భరించలేని కంపు కొట్టేది; ఒడ్డున ఉన్నవాళ్లు వేసవిలోనూ కిటికీలు తెరిచేవారు కాదు. 1988లో మురుగును మళ్లించే పెద్ద గొట్టాల పథకంతో పని మొదలై, 1998 నుంచి వాగు శుద్ధి ప్రత్యేక కార్యక్రమంగా విడతలవారీగా సాగింది. 2020 చివరికి నగర మధ్యభాగంలో వాగు వెంట 42 కిలోమీటర్ల మేర ప్రజలు నడిచే దారి తెరుచుకుంది. హువాంగ్పు వెంట 45 కిలోమీటర్ల దారి అంతకు మూడేళ్ల ముందే తెరిచారు. గేట్లు పెట్టుకున్న కర్మాగారాలు, సంస్థలు, ఖరీదైన నివాస సముదాయాలు తమ ప్రాంగణం గుండా సామాన్యుణ్ణి నడవనివ్వడానికి ఒప్పుకోవడమనేది అన్నిటికంటే కష్టమైన పని. తాగునీటిని హువాంగ్పు నుంచి తప్పించి యాంగ్‌త్సీ ముఖద్వారంలో కట్టిన చింగ్‌త్సావ్‌షా జలాశయం నుంచి తేవడం 2010లో మొదలై, కోటిమందికి పైగా కుళాయిల్లో నీటి రుచిని మార్చింది.

ఇంతవరకు చెప్పిన మెరుగుదల అందరికీ సమానంగా అందిందా? అందలేదు. మధ్య నగరంలో చదరపు మీటరు ఇంటి ధర లక్ష యువాన్లు దాటిన ప్రాంతాలు అనేకం. అంటే నగర సగటు ఆదాయమున్న మనిషి ఏడాదంతా ఏమీ తినకుండా దాచినా అక్కడ ఒక్క చదరపు మీటరు కొనలేడు. 1990ల్లో అద్దె ఇంటిని చవకగా కొనుక్కున్న కుటుంబపు కొడుక్కీ, బయటి రాష్ట్రం నుంచి మంచి చదువుతో వచ్చి ఎక్కువ జీతం తెచ్చుకుంటున్న యువతికీ నడుమ ఉన్న తేడా జీతంతో పూడేది కాదు.

2020 జనగణనలో షాంఘై జనాభా 2 కోట్ల 48 లక్షల పైచిలుకు. అందులో కోటీ 4 లక్షల మంది, అంటే నూటికి నలభై ఇద్దరు, ఇతర రాష్ట్రాలవాళ్లు. చైనాలో ప్రతి మనిషికీ హుకౌ అనే కుటుంబ స్వస్థల నమోదు ఉంటుంది. ప్రభుత్వ సేవలు చాలావరకు దానితో ముడిపడి ఉంటాయి. ఈ నగరపు మెట్రోను, టవర్లను కట్టినవాళ్లు, ఇళ్లకు భోజనం మోసేవాళ్లు, పిల్లలను సాకేవాళ్లు ఎక్కువగా ఈ కోటిమందిలోని వాళ్లే. 2013లో వచ్చిన పాయింట్ల పద్ధతి ప్రకారం చదువు, నైపుణ్యం, సామాజిక భద్రతా చందాలు కట్టిన సంవత్సరాలు వంటివాటికి పాయింట్లు కలుపుతారు. 120 పాయింట్లు వస్తేనే వాళ్ల పిల్లలు షాంఘైలో ఉన్నత పాఠశాల ప్రవేశ పరీక్షను స్థానిక పిల్లలతో సమానంగా రాయగలరు. రాకపోతే వృత్తివిద్యా పాఠశాలలో చేరాలి, లేదా పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో తల్లిదండ్రులను వదిలి తాను ఎప్పుడూ పెరగని సొంత ఊరికి వెళ్లి చదువుకోవాలి. పాయింట్ల పట్టికలో డిగ్రీకి ఎక్కువ, ఇరవై ఏళ్లు వీధులు ఊడ్చిన చేతికి తక్కువ. 2022 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ కారణంగా నగరం మొత్తం మూసివేసినప్పుడు కూడా ఈ తేడా బయటపడింది. నివాస సముదాయాల్లోని కుటుంబాలు కలిసి టోకుగా కూరగాయలు తెప్పించుకోగలిగాయి. ఒక్కో గదిలో ఆరేడుగురు సర్దుకునే కార్మికులకు, ఇంకా ఉమ్మడి వంటగదులు మిగిలిన సందుల్లోని ముసలివాళ్లకు ఆ రెండు నెలలు ఎంతో కష్టంగా గడిచాయి.

ముసలివాళ్ల మాట వచ్చింది కనుక చివరిగా దాని గురించి చెప్తాను, ఎందుకంటే షాంఘై జీవన ప్రమాణాలకు ఇకమీదట అసలు పరీక్ష అదే. హుకౌ ఉన్న నగరవాసుల్లో అరవై దాటినవాళ్లు మూడో వంతుకు మించిపోయారు. 1980, 90ల్లో ఎంతో ఆశతో కొత్త ఇళ్లకు వెళ్లిన తరం ఇప్పుడు ఆ ఆరంతస్తుల భవనాల్లో ముసలిదైంది. వాటికి లిఫ్టులు లేవు. ఆరో అంతస్తులో ఉన్న అవ్వ నెలల తరబడి నేల మీదికి దిగని ఇళ్లున్నాయి. వాటికి బయటినుంచి లిఫ్టు అమర్చే పని పెద్ద ఎత్తున సాగుతోంది. ప్రభుత్వం ఖర్చులో 40 శాతం వరకు, గరిష్ఠంగా 2.8 లక్షల యువాన్ల దాకా సాయం చేస్తుంది. మిగిలినది నివాసులు పంచుకోవాలి. కింది అంతస్తువాళ్లకు వెలుతురు తగ్గుతుంది, లాభం లేదు. పై అంతస్తువాళ్లకు ప్రాణం లేచివస్తుంది. అందుకే పైకి వెళ్లేకొద్దీ వాటా పెరిగేలా, కిందివాళ్లు ఏమీ కట్టనక్కరలేకుండా లెక్కలు వేసుకుంటారు. ఒక్కో మెట్లదారిలోని పన్నెండు కుటుంబాలను ఒప్పించడానికి వీధి సంఘంవాళ్లు పదులసార్లు మెట్లెక్కి దిగుతారు. ఉమ్మడి వంటగదిలో విడివిడి బల్బులు వేలాడదీసుకున్న నగరానికి ఈ బేరం కొత్తది కాదు.

వృద్ధుల సంరక్షణకు నగరం వేసుకున్న పథకంలో నూటికి 90 మంది ఇంట్లో, 7గురు వీధిలోని సేవాకేంద్రాల సాయంతో, ముగ్గురు మాత్రమే వృద్ధాశ్రమాల్లో ఉండాలి. 2018 నుంచి నగరమంతటా అమలైన దీర్ఘకాల సంరక్షణ బీమా కింద, అవసరాన్ని మదింపు వేసి, ఇంటికి ఒక సంరక్షకురాలిని వారానికి 3 నుంచి 7 గంటల పాటు పంపుతారు. ఒళ్లు తుడవడం, గోళ్లు తియ్యడం, మంచంమీదున్న మనిషిని పక్కకు తిప్పడం ఆమె పని. ఆమె సాధారణంగా అన్‌హుయ్ నుంచో జియాంగ్సు నుంచో వచ్చిన నడివయసు స్త్రీ. ఆమె పాయింట్లు 120కి చేరడం చాలా అరుదు. మరోవైపు నగరపు బృహత్ ప్రణాళిక 2035 దాకా జనాభాను రెండున్నర కోట్ల దగ్గర ఆపాలంటుంది. ఇప్పటికే ఆ సంఖ్యకు దాదాపు చేరుకున్న నగరంలో ముసలివాళ్లు పెరుగుతుంటే, వాళ్లను చూసుకునే మనుషులు బయటినుంచి రాక తప్పదు. వచ్చినవాళ్లకు చేతినిండా పని ఇస్తే సరిపోతుందా, వాళ్ల పిల్లలకు బడి, వాళ్ల ముసలితనానికి చోటు కూడా ఇవ్వాలా అన్నది తేల్చవలసింది నగర పాలకులే. ఇవ్వాలన్నది నా దృఢమైన అభిప్రాయం. 1980లో ఆ పత్రిక లెక్కగట్టిన కడపటి స్థానాల్లాగే, ఈ కోటిమంది స్థితినీ ప్రతి ఏటా విడిగా లెక్కగట్టి ప్రచురించడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.

మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. నమస్కారం.